ఏ తీరానికి ఈ ప్రయాణం?

ఐర్లండు ఫుట్‌బాల్ బాలుర ముందున్న ప్రశ్న

పదహారేండ్ల వయస్సులో మనిషి చేయవలసిన నిర్ణయాలు సామాన్యంగా చిన్నవి. ఏ పాఠ్యవిషయం తీసుకోవలె, ఏ కళాశాలలో చేరవలె అన్నంతవరకే. ఆ నిర్ణయంలోనూ సగం తల్లిదండ్రులది, సగం ఉపాధ్యాయులది. కాని ఐర్లండు దేశంలో బంతియాటలో అసమాన ప్రజ్ఞ కనబరచిన బాలునికి ఆ వయస్సులోనే ఒక పెద్ద ప్రశ్న ఎదురవుతున్నది. ఇల్లు, బడి, భాష, దేశం - ఈ నాలుగింటినీ ఒక్కసారిగా విడిచి వెళ్ళటమా, మానటమా? తల్లి, తండ్రి, పిల్లవాడు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. బల్లమీద ఇటలీ దేశపు క్లబ్బు పంపిన ఒప్పందపత్రం ఉంటుంది. దాని ప్రక్కనే పరీక్షకు చదువవలసిన పుస్తకాలు ఉంటవి. రెంటిలో ఏది ముందు తెరవవలె నన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న వారి తండ్రులకు, తాతలకు ఎదురు కాలేదు. వారికి దారి ఒక్కటే ఉండేది. ఆ దారి ఎట్లు మూసుకొనిపోయినదో, దాని స్థానంలో ఏ దారులు తెరచుకొన్నవో, వాటిలో నడచినవారు ఏమైనారో తెలుసుకొనటం ఆటలయందు ఆసక్తి గలవారికే గాక, పిల్లల భవిష్యత్తును గూర్చి ఆలోచించే ప్రతివారికీ ప్రయోజనకరమే.

పాత దారి

ఐర్లండు చిన్న దేశం. 2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లండు రిపబ్లిక్కు జనసంఖ్య 51 లక్షల పైచిలుకు. అక్కడ ఫుట్‌బాల్ ఒక్కటే ప్రజల ఆట కాదు. హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ అనే దేశీయ క్రీడలకు ఊరూరా భక్తులున్నారు. వాటిని ఆడేవారు జీతం పుచ్చుకొనరు. ఇక సాధారణ ఫుట్‌బాల్‌ను వృత్తిగా చేపట్టదలచిన బాలునికి స్వదేశంలో దారి ఇరుకు. అందుచేత తరతరాలుగా ఆ బాలురు డన్ లేరీ రేవులో ఓడ ఎక్కి, ఐరిష్ సముద్రం దాటి, హోలీహెడ్‌లో దిగి ఇంగ్లండు పోయేవారు. కూలిపనికి, ఇండ్ల నిర్మాణానికి పోయే పెద్దలు ఎక్కిన ఓడనే వారూ ఎక్కేవారు.

డబ్లిన్ నగరంలో కాబ్రా అనే పేటలో పుట్టిన లియమ్ వీలన్ 1953లో మాంచెస్టర్ యునైటెడ్ జట్టుకు పోయినాడు. ఐదేండ్లు తిరుగకముందే, 1958 ఫిబ్రవరి 6న, బెల్‌గ్రేడ్‌లో ఆట ముగించుకొని వస్తూ మ్యూనిక్‌లో జరిగిన విమాన ప్రమాదంలో మరణించినాడు. అప్పటికి అతనికి 22 ఏండ్లు. కాబ్రాలో ఒక వంతెన నేడు అతని పేర ఉన్నది. లియమ్ బ్రేడీ 1971లో, 15 ఏండ్ల ప్రాయంలో, లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బులో చేరి జగత్ప్రసిద్ధుడైనాడు.

పేరు తెచ్చుకొన్నవారిని లోకం ఎరుగును. కాని ఒక్క బ్రేడీ నిలిచినచోట ఎందరో బాలురు నిలువలేక, పద్దెనిమిదో పందొమ్మిదో ఏట, "నీ అవసరం మాకు లేదు" అన్న మాట విని తిరుగు ఓడ ఎక్కినారు. బడి సగంలో విడిచినవారు. చేత పరీక్ష లేదు, కాలికి జట్టు లేదు. వీధిలో తెలిసినవారు పలుకరిస్తారని వెనుక సందులగుండా ఇల్లు చేరవలసిన పరిస్థితి. వారి కథలు ఏ పత్రికలోనూ పెద్దగా రాలేదు. దారి ఒక్కటే అయినప్పుడు ఆ దారి మంచిదా చెడ్డదా అని విచారించే అలవాటు సంఘానికి ఉండదు.

మూసిన తలుపు

2016లో బ్రిటన్ ప్రజలు ఐరోపా సమాజం నుండి వైదొలగుటకు వోటు వేసినారు. 2020 జనవరి 31న బ్రిటన్ వైదొలగినది. ఆ సంవత్సరం చివరితో మధ్యకాలపు ఏర్పాట్లు కూడ ముగిసినవి. వర్తకులు సుంకాలను గూర్చి, రైతులు సరిహద్దును గూర్చి చర్చించుకొంటున్న ఆ రోజులలో, డబ్లిన్ మైదానాలలో ఆడుకొనే పిల్లల జీవితం కూడ మారిపోయిన సంగతి చాలమంది గమనించలేదు.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ అయిన ఫిఫాకు ఒక నియమం ఉన్నది. పద్దెనిమిదేండ్లు నిండని బాలుని ఒక దేశపు క్లబ్బు మరియొక దేశం నుండి తెచ్చుకొనరాదు. బీద దేశాల బాలురను ఆశచూపి తెచ్చి, పనికిరారని తోచినప్పుడు వీధిలో విడిచిపెట్టే దురాచారాన్ని అరికట్టుటకు ఏర్పడిన నియమమిది. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నవి. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంచేత దేశం మారినప్పుడు ఒకటి. ఇల్లు, క్లబ్బు సరిహద్దుకు ఇరువైపులా 50 కిలోమీటర్లలోపుగా ఉన్నప్పుడు మరొకటి. అన్నిటికంటె ముఖ్యమైన మినహాయింపు, ఐరోపా సమాజ దేశాల మధ్య 16 ఏండ్లు నిండిన బాలురు క్లబ్బు మారవచ్చునన్నది. ఆ మినహాయింపు చలువవల్లనే ఐరిష్ బాలురు పదహారో ఏట ఇంగ్లండు పోగలిగేవారు. 2021 జనవరి 1 నుండి బ్రిటన్ ఆ సమాజంలో లేదు గనుక తలుపు మూతపడినది.

ఇందులో ఒక వింత ఉన్నది. బ్రిటన్, ఐర్లండు దేశాల నడుమ చిరకాలంగా ఉన్న ఏర్పాటు ప్రకారం ఐరిష్ పౌరుడు ఇంగ్లండులో నివసించవచ్చును, చదువుకొనవచ్చును, పని చేయవచ్చును. అనగా పదహారేండ్ల డబ్లిన్ బాలుడు లివర్‌పూల్‌లో దుకాణంలో కొలువు చేయటానికి అభ్యంతరం లేదు. ఆ ఊరి క్లబ్బు ఒప్పందంమీద సంతకం చేసి బంతి తన్నటానికి మాత్రం వీలు లేదు. పద్దెనిమిది నిండిన మరునాడు ఆ అడ్డంకి లేదు. ఇతర దేశాలవారికి కావలసిన ప్రత్యేకపు అనుమతులు కూడ ఐరిష్ వారికి అక్కరలేదు. అందుచేత సమస్య అంతా ఈ రెండేండ్లది. పదహారుకు, పద్దెనిమిదికి నడుమ ఉన్న ఆ రెండేండ్లు ఎక్కడ గడపవలె?

తెరచిన వాకిళ్ళు

ఒక తలుపు మూతపడగానే ఐర్లండు ఇంకను ఐరోపా సమాజంలో ఉన్నదన్న సంగతి అందరికీ జ్ఞాపకం వచ్చినది. ఇంగ్లండువారు కదలలేని ఆ రెండేండ్లలో ఇటలీ, ఫ్రాన్సు మొదలైన దేశాల క్లబ్బులు వచ్చి ఐరిష్ బాలురను చూడసాగినవి.

కెవిన్ జెఫీ అనే బాలుడు 2020లో, 15 ఏండ్లకే, షామ్‌రాక్ రోవర్స్ రెండవ జట్టు తరఫున పెద్దలతో ఆడి గోలు చేసినవాడు. 2021లో అతడు మిలాన్ నగరపు ఇంటర్ క్లబ్బులో చేరినాడు. 2022 ఆరంభంలో కార్క్ సిటీ జట్టునుండి కాహల్ హెఫర్నన్ అదే నగరంలోని ఏ.సి. మిలాన్‌కు పోయినాడు. 2021 నవంబరులో డబ్లిన్‌లో జరిగిన ఐరిష్ కప్పు ఫైనలును 37,126 మంది చూచినారు.  ఆ ఆటలో గెలిచిన సెయింట్ పాట్రిక్స్ జట్టు రక్షణ పంక్తిలో నిలిచిన జేమ్స్ అబాంక్వా అప్పటికి 17 ఏండ్లవాడు. రెండు నెలలు తిరుగక ముందే ఉదినెసె అనే ఇటాలియన్ క్లబ్బు అతనిని తీసుకొన్నది.

మిలాన్! ఆ పేరు వింటేనే బాలుని గుండె ఉప్పొంగటం సహజం. కాని అక్కడ అతనికి దొరికేది ఏమిటి? శిక్షణ నిస్సందేహంగా ఉత్తమమైనది. పూర్తికాలపు శిక్షకులు, వైద్యులు, పచ్చిక మైదానాలు, క్లబ్బువారి వసతిగృహం. రక్షణ విద్యలో ఇటాలియన్లకు సాటి వచ్చేవారు తక్కువ. అయితే ఆ బాలుడు ఆడేది ప్రధాన జట్టులో కాదు. తన ఈడువారితో, 'ప్రిమవేరా' అనే యువజన పోటీలో. ఆ మాటకు ఇటాలియన్ భాషలో వసంతమని అర్థం. వసంతం నుండి గ్రీష్మానికి, అనగా యువజన జట్టునుండి పెద్ద జట్టుకు, దాటటం అక్కడ అతికష్టం. ఇటలీలో పెద్ద క్లబ్బులు పద్దెనిమిదేండ్లవానికి సామాన్యంగా చోటు ఇయ్యవు, అనుభవజ్ఞులనే నమ్ముతవి.

పైన చెప్పిన ముగ్గురి గతి చూడండి. హెఫర్నన్ 2023లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌కు వచ్చినాడు. అబాంక్వా 2025లో వాట్‌ఫర్డ్ తరఫున ఆడినాడు. జెఫీ ఇంటర్‌లో ప్రధాన జట్టు చేరకనే రోమా క్లబ్బు యువజనుల వైపు మరలినాడు. ఇటలీ దారిలో పోయిన ఇద్దరు చుట్టుతిరిగి ఇంగ్లండే చేరినారన్నమాట. వారి ప్రయాణం వ్యర్థమని అనరాదు. వారు నేర్చిన విద్య ఎక్కడికీ పోదు, వారి వయస్సు ఇంకను చిన్నది. కాని ఇంటివద్ద ఆగినా పద్దెనిమిదో ఏట చేరగల తీరానికి వారు ఆల్ప్స్ పర్వతాలమీదుగా చేరినారు.

పెద్దలతో ఆట

ఇంటివద్ద ఆగినవాడు ఏమి పొందుతాడు? దీనికి 2025లో ఒక చక్కని ఉదాహరణ దొరికినది. ఆ ఫిబ్రవరి 13న షామ్‌రాక్ రోవర్స్ జట్టు నార్వే దేశంలోని మోల్డెలో కాన్ఫరెన్స్ లీగు ఆట ఆడి ఒక గోలుతో గెలిచినది. ఆ ఒక్క గోలు చేసినవాడు మైకేల్ నూనన్. అతనికి 16 ఏండ్లు. ఆ పోటీలో అంత చిన్నవయస్సులో గోలు చేసినవాడు అంతకుముందు లేడు. అతని ఈడు బాలుడు ఏ మహానగరపు క్లబ్బులో ఉన్నా, ఆ రాత్రి యువజన వసతిగృహంలో కూర్చుండి ఆ ఆటను తెరమీద చూచేవాడే గాని, మైదానంలో ఉండేవాడు కాడు.

ఐరిష్ లీగులో ఆట మోటుగా ఉంటుందని, మైదానాలు చిన్నవని విమర్శ ఉన్నది. అందులో సత్యం ఉన్నది. బాలుర శిక్షణకు పూర్తికాలపు ఉపాధ్యాయులు కొద్దిమందే. ఇటలీ సదుపాయాలతో పోల్చవీలు లేదు. కాని అక్కడ ముప్పై ఏండ్ల రక్షకుడు భుజంతో త్రోస్తాడు. ఓడిపోతే ఆ వారం ఇల్లు గడవటం కష్టమైన సహచరులు ప్రక్కన ఉంటారు. తప్పు చేస్తే పేరు పెట్టి పిలిచే ప్రేక్షకులు చేరువలోనే ఉంటారు. యువజన పోటీలో నేర్వలేని విద్య ఇది.

మధ్యేమార్గం ఒకటి కూడ ఏర్పడినది. సెయింట్ పాట్రిక్స్ జట్టులో ఆడిన మేసన్ మెలియాకు 17 ఏండ్లు ఉండగా, 2025 ఫిబ్రవరిలో, లండన్‌లోని టోటెన్‌హామ్ క్లబ్బు అతని కొరకు ఒప్పందం చేసుకొన్నది. నియమం ప్రకారం పద్దెనిమిది నిండేవరకు అతడు కదలరాదు గనుక, ఆ సంవత్సరమంతా డబ్లిన్‌లోనే ఆడి, 2026 జనవరిలో లండన్ చేరే ఏర్పాటు జరిగినది. అతని కొరకు చెల్లించ నంగీకరించిన రుసుము ఐరిష్ లీగు చరిత్రలో అంతవరకు ఎన్నడూ రానిది. పూర్వం బడిపిల్లవానిగానే వెళ్ళిపోయిన బాలునివల్ల అతనిని పెంచిన క్లబ్బుకు దక్కేది స్వల్పం. ఇప్పుడు రెండేండ్లు ఆగటంవల్ల ఆ క్లబ్బుకూ కొంత ఫలం దక్కుతున్నది. ఇదిగాక, ఆటగాడు దేశాంతరం మారినప్పుడు రుసుములో 5 శాతాన్ని, 12 నుండి 23 ఏండ్ల మధ్య అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచవలెనని ఫిఫా నియమం. ఆ సొమ్ముతో ఒక మైదానం బాగుపడితే, మరియొక పిల్లవాని పాదం నిలుస్తుంది.

పెద్దవారై పోయినవారు

ఐరోపా ప్రధానభూమికి పోవటం ఐరిష్ వారికి పూర్తిగా క్రొత్తదీ కాదు. డబ్లిన్‌లో పుట్టిన పాట్రిక్ ఓకానెల్ శిక్షకుడుగా స్పెయిన్ పోయి, 1935లో రియల్ బెటిస్ జట్టుకు స్పెయిన్ లీగు గెలిపించినాడు. ఆ క్లబ్బు ఆ లీగును గెలిచినది ఆ ఒక్కసారే. తరువాత అంతర్యుద్ధకాలంలో బార్సిలోనా జట్టును 1937లో మెక్సికో, అమెరికాలకు తీసుకొనిపోయి, ఆ యాత్రలో లభించిన ధనంతో క్లబ్బు నిలుచుటకు కారకుడైనాడు. అట్టివాడు 1959లో లండన్‌లో దారిద్ర్యంలో కన్నుమూసినాడు.

ఆటగాళ్ళలో బ్రేడీ కథ ప్రసిద్ధం. అతడు ఇటలీలోని యువెంటస్‌కు పోయినది 1980లో. అప్పటికి 24 ఏండ్లవాడు, ఆర్సెనల్‌లో ఆరితేరినవాడు. 1981లోను, 1982లోను యువెంటస్ ఇటలీ లీగు గెలిచినది. రెండవసారి చివరి ఆట కాటంజారో ఊరిలో జరిగినది. తన స్థానంలో ఫ్రాన్సు దేశపు ప్లాతినీని తెస్తున్నారని బ్రేడీకి అప్పటికే తెలుసు. అయినను, విజయాన్ని నిర్ణయించే పెనాల్టీని తానే తీసుకొని గోలు చేసినాడు. తనను పొమ్మన్న ఇంటికి దీపం వెలిగించి వెళ్ళిన ఆ నిబ్బరం పదహారో ఏట వచ్చేది కాదు. తరువాత మరి ఐదేండ్లు ఇటలీలోనే వేరువేరు జట్లలో ఆడినాడు. యువెంటస్‌లో అతని శిక్షకుడైన ట్రాపటోని 2008లో ఐర్లండు జాతీయ జట్టుకు శిక్షకుడై వచ్చినప్పుడు, బ్రేడీ ఆయనకు సహాయకుడైనాడు.

దీనికి భిన్నమైన కథ రాబీ కీన్‌ది. 2000లో, 20 ఏండ్ల వయస్సులో, ఇంటర్ క్లబ్బు అతనిని పెద్ద రుసుము ఇచ్చి తీసుకొన్నది. అతనిని కోరి తెచ్చిన శిక్షకుడు లిప్పీ ఆ ఋతువు ఆరంభంలోనే పదవి కోల్పోయినాడు. క్రొత్త శిక్షకునికి ఈ కుర్రవానితో పని లేకపోయినది. డిసెంబరులోనే కీన్ ఇంగ్లండుకు తిరిగి వచ్చినాడు. తరువాత అతడు ఐర్లండు తరఫున అందరికంటె ఎక్కువ గోలులు చేసిన వీరుడైనాడు గనుక లోపం అతని పాదంలో లేదు. క్లబ్బు పేరు చూచి పోవటం వేరు, అక్కడ తనను కోరుకొన్న మనిషి ఎంతకాలం ఉంటాడని చూడటం వేరు.

చిన్న మెట్లు

ఇటీవలి కాలంలో జయం పొందినవారి దారి చూస్తే ఒక సంగతి స్పష్టపడుతున్నది. వారు పెద్ద పేర్లవెంట పోలేదు. ఆట దొరికేచోటికి పోయినారు. కార్క్ జిల్లావాడైన జేక్ ఓబ్రయన్ లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో చోటు దొరకక, 2022లో బెల్జియం రెండవ శ్రేణి జట్టు అయిన మోలెన్‌బేక్‌కు పోయినాడు. ఆ జట్టు ఆ శ్రేణిని గెలిచినది. 2023లో ఫ్రాన్సులోని లియాన్ అతనిని తీసుకొన్నది. 2024లో ఇంగ్లండులోని ఎవర్టన్ కొనుక్కొన్నది. ఈ కథకు మరియొక ముఖం ఉన్నది. ప్యాలెస్, మోలెన్‌బేక్, లియాన్ మూడింటిలోను ఆనాడు వాటాలున్న ధనికుడు ఒక్కడే. అబాంక్వా విషయంలో ఉదినెసె, వాట్‌ఫర్డ్ క్లబ్బుల యజమానులు ఒకే కుటుంబంవారు. సంతకం చేసే బాలుడు తాను ఒక ఊరికి పోతున్నానని అనుకొంటాడు. నిజానికి ఒక వ్యాపారంలో చేరుతున్నాడు. అందువల్ల మేలూ జరుగవచ్చును, కీడూ జరుగవచ్చును. తెలిసి చేరటం మంచిది.

ట్రాయ్ పారట్ ఉత్తర డబ్లిన్ బాలుడు. పాత దారి మూతపడక ముందు, 15 ఏండ్లకే టోటెన్‌హామ్ చేరినాడు. పేరు మారుమ్రోగినది, ఆట మాత్రం సాగలేదు. నాలుగు ఇంగ్లీషు క్లబ్బులకు అతనిని ఎరువుకు ఇచ్చినారు. 2023లో నెదర్లాండ్సు దేశంలోని రాటర్‌డామ్ నగరంలో మూడు క్లబ్బులలోకెల్ల చిన్నదైన ఎక్సెల్సియర్‌కు పోయినాడు. ఆ జట్టు ఆ యేడు క్రింది శ్రేణికి జారినది. కాని పారట్ వారంవారం ఆడినాడు, గోలులు చేసినాడు. 2024లో అదే దేశంలోని ఎ.జెడ్. జట్టు అతనిని తీసుకొన్నది. 2025 నవంబరు 13న డబ్లిన్‌లో పోర్చుగల్ మీద రెండు గోలులు, మూడు రోజుల తరువాత బుడాపెస్ట్‌లో హంగరీ మీద మూడు గోలులు చేసినాడు. వాటిలో కడపటిది 96వ నిమిషంలో! ఐర్లండు 3-2తో గెలిచి ప్రపంచకప్పు అర్హతకు మరియొక అవకాశం పొందినది. దేశమంతా వీధులలోకి వచ్చిన ఆ రాత్రికి దారి వేసినది మహానగరపు మహాక్లబ్బు కాదు. ఓడిపోయి క్రిందికి జారిన ఒక చిన్న జట్టు.

బల్లమీద పుస్తకాలు

ఇక మొదట చెప్పిన పుస్తకాల మాట. ఐర్లండులో పాఠశాల విద్య చివర 'లీవింగ్ సర్టిఫికేట్' అనే పరీక్ష ఉంటుంది. విశ్వవిద్యాలయానికిగాని, కొలువుకుగాని అదే వాకిలి. బాలురు సుమారు పద్దెనిమిదేండ్ల ప్రాయంలో దానిని వ్రాస్తారు. పూర్వం ఇంగ్లండు పోయిన బాలురు దానిని విడిచి పోయేవారు. నేటి నియమం, తాను తలపెట్టకుండగనే, ఆ పరీక్షను బాలునికి తిరిగి ఇచ్చినది. పద్దెనిమిది వరకు ఇంగ్లండు తలుపు మూసి ఉన్నది గనుక, అంతవరకు చదువుకొనటానికి అడ్డు లేదు.

ప్రధానభూమికి పోదలచినవానికి కూడ చదువు విడువవలసిన పని లేదు. 16 ఏండ్లవానిని తీసుకొనే క్లబ్బు అతనికి ఆటతోపాటు చదువు లేక వృత్తివిద్య చెప్పించవలెనని, తగిన వసతి చూపవలెనని, కనిపెట్టి ఉండే ఒక పెద్దను నియమించవలెనని ఫిఫా నియమమే శాసిస్తున్నది. ఆట నిలిచిపోయినా అతడు మరియొక వృత్తిలో బ్రతుకగలగాలన్నదే ఆ నియమంలోని ఉద్దేశం. తల్లిదండ్రులు జీతం అంకె చూచే ముందు ఈ మూడింటిని గూర్చి అడుగవలె. ఏ బడి? ఏ భాషలో పాఠాలు? రాత్రి జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకు తడబడే క్లబ్బు ఎంత గొప్పదైనా ఆ బాలునికి గొప్పది కాదు.

బడిలో ఫ్రెంచి, స్పానిష్ పాఠాలను "ఇవి నాకెందుకు?" అంటూ కిటికీలోనుండి మైదానం వైపు చూచిన పిల్లలు ప్రతి తరగతిలోను ఉంటారు. ఐర్లండులో అట్టి పిల్లవానికి ఆ పాఠమే రేపు అన్నం పెట్టవచ్చును. బంతి ఎవరికి అందించవలెనో, ఎవరు వెనుకనుండి వస్తున్నారో క్షణంలో అరచి చెప్పే మాట అర్థం కానివాడు ఎంత ప్రతిభావంతుడైనా మైదానంలో ఒంటరివాడే.

ఈ వ్యాసకర్త అభిప్రాయమడిగితే, అధికసంఖ్యాకులకు ఆ రెండేండ్లు ఇంటివద్ద గడపటమే మేలు. పెద్దలతో ఆడుతూ, పరీక్ష ముగించుకొని, పద్దెనిమిదో ఏట ఇంగ్లండో, నెదర్లాండ్సో, బెల్జియమో, ఎక్కడ మైదానంలో చోటు దొరుకుతుందో అక్కడికి పోవటం మంచిది. అసాధారణ ప్రజ్ఞ, అంతకంటె అసాధారణమైన మనోధైర్యం గలవాడు ముందే పోవచ్చును. పోయేముందు ఆ దేశపు భాష కొంతైనా నేర్చుకొని, బడి పేరు ఒప్పందంలో వ్రాయించుకొని పోవలె. ఏ దారి పట్టినా, సలహా చెప్పే పెద్దలు మరువరాని విషయం ఒకటి ఉన్నది. మధ్యవర్తికి రుసుము వస్తుంది, క్లబ్బుకు ఆటగాడు వస్తాడు, పత్రికకు వార్త వస్తుంది. పొరపాటైనప్పుడు తిరుగు ప్రయాణపు టిక్కెట్టు మాత్రం ఆ పిల్లవాని చేతిలోనే ఉంటుంది. ఆ రోజు స్టేషనుకు ఎదురుపోయి, "వచ్చినావా నాయనా, సోమవారంనాడు బడికి రా" అని చెప్పగల ఉపాధ్యాయుడు ఒకడు ఆ ఊరిలో ఉంటే, ఆ బాలుడు ఏ తీరానికి పోయినా భయం లేదు.